బడి మూలన ఒక ఉమ్మడి అలమర

యంత్రాన్ని కొనుక్కోవడం తేలిక. దానిని నడిపే విద్యను సొంతం చేసుకోవడమే కష్టం. ఉక్కునగరం భిలాయి చరిత్ర చెప్పే ఈ పాఠం, బడి గదిలో పెట్టుకునే చిన్న సర్వర్‌కు కూడా వర్తిస్తుంది.

1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. దాని ఫలితంగా నాటి మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లాలో, వరిపొలాల నడుమ, ఏటా పది లక్షల టన్నుల ఉక్కును తయారుచేయగల కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. భిలాయి పేరు దేశమంతటా మారుమ్రోగింది.

కొలిమి పరాయి దేశపు నమూనా. యంత్రాలు ఓడలమీద వచ్చాయి. అయితే వాటిని కలకాలం పరాయివారే నడపాలని ఎవరూ అనుకోలేదు. మన యువ ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్ళి శిక్షణ పొందివచ్చారు. కార్మికులు విదేశీ నిపుణుల పక్కన నిలబడి, కరిగిన ఇనుము రంగును చూసి దాని వేడిని అంచనా కట్టడం నేర్చుకున్నారు. విజయనగరం నుండి రాయపూర్ వెళ్ళే రైలుమార్గం పట్టుకొని ఉత్తరాంధ్ర నుండి ఎన్నో కుటుంబాలు ఈ ఊరికి చేరినవి. సెక్టార్లుగా విభజించి కట్టిన ఆ నగరంలో కార్మికుల బిడ్డలకోసం కర్మాగారమే బడులు తెరిచింది. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ లేక ఇంగ్లీషు: ఇలా మూడు భాషల మధ్య ఒక తరం పెరిగి పెద్దదయింది.

మొదటి కొలిమి వెలిగిన పాతికేళ్ళకు మరో విదేశీ యంత్రం మన దేశపు బడుల గుమ్మం తొక్కింది. అది కంప్యూటర్. భిలాయి కొలిమి విషయంలో వేసుకున్న ప్రశ్ననే ఇక్కడా వేసుకోవలసి ఉండెను. ఈ యంత్రాన్ని మనం వాడుకుంటామా, లేక దీని మర్మం తెలుసుకొని మనదిగా చేసుకుంటామా?

1984లో వచ్చిన అతిథి

పాఠశాలలలో కంప్యూటర్ అక్షరాస్యత కోసం కేంద్రప్రభుత్వం 1984లో ‘క్లాస్’ అనే ప్రయోగాత్మక పథకాన్ని ఆరంభించింది. ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యామంత్రిత్వ శాఖ కలిసి తలపెట్టిన ఈ కార్యక్రమంలో జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలికి ముఖ్యపాత్ర లభించింది. మొదట 250 పాఠశాలలను ఎంపికచేశారు. కొద్ది సంవత్సరాలలో ఆ సంఖ్య రెండువేలు దాటింది.

ఇందుకు ఎన్నుకున్న యంత్రం బి.బి.సి. మైక్రో. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే సంస్థ దీనిని రూపొందించింది. 1981 డిసెంబరులో అక్కడి విపణిలోకి వచ్చిన ఈ యంత్రం త్వరలోనే బ్రిటిష్ బడులలో సర్వసామాన్యమైపోయింది. దాని ‘బి’ నమూనాలో జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. నేడు జేబులో ఇమిడే 4 గిగాబైట్ల చిన్న కంప్యూటర్ జ్ఞాపకశక్తి దానికి లక్షా ముప్పైవేల రెట్లు.

పథకం ఉద్దేశం ఉదాత్తమైనది. కాని బడికి వచ్చిన యంత్రాలు వేళ్ళమీద లెక్కించదగినన్ని. పిల్లలు వందలలో ఉండేవారు. ఉపాధ్యాయులకు లభించిన శిక్షణ స్వల్పకాలికం. పాఠ్య ప్రోగ్రాములలో అనేకం బ్రిటిష్ బడులకోసం వ్రాసినవి. యంత్రం చేతికి అందినది గాని, దాని విద్య పూర్తిగా చేతికి అందలేదు.

ఇక్కడొక సాంకేతికమైన చిక్కు కూడా ఉన్నది. విద్యార్థి ఒక వారం ఒక యంత్రం ముందు కూర్చుంటాడు. పై వారం మరొకదాని వద్ద చోటు దొరుకుతుంది. తాను సగం వ్రాసిన ప్రోగ్రామును వెంట తీసుకొనిపోవాలంటే క్యాసెట్టో, ఫ్లాపీయో కావాలి. అది పోతే పని పోయినట్లే. ప్రతి వారం మొదటినుండి మొదలుపెట్టే విద్యార్థికి ఓనమాలు దాటే యోగం ఎక్కడిది?

పంక్తికి వడ్డించేవాడు

ఈ చిక్కుకు ఏకార్న్ సంస్థ దగ్గరే ఒక విరుగుడు ఉండేది. దాని పేరు ఎకోనెట్. గదిలోని యంత్రాలన్నిటినీ ఒకే తీగకు తగిలించి, ఒక యంత్రానికి మాత్రం డిస్కును అమర్చి, దానిని అందరికీ ఉమ్మడి భాండాగారంగా చేసే ఏర్పాటు అది. ఆ ఒక్క యంత్రమే సర్వర్.

సర్వర్ అనగా వడ్డించేవాడు. పంక్తిలో కూర్చున్న ప్రతివాడూ ఎవరి పొయ్యి వారు వెంట తెచ్చుకోడు. వంట ఒకచోట జరుగుతుంది. ఎవరికి ఏది కావాలో అడిగి, వడ్డించేవాడు తెచ్చి విస్తట్లో వేస్తాడు. నెట్‌వర్క్‌లోని పని కూడా ఇదే. విద్యార్థి ఏ యంత్రం ముందు కూర్చున్నా తన పేరు, సంకేతపదం చెప్పగానే సర్వర్ అతని పనిని అక్కడికే తెచ్చి పెడుతుంది.

ఎకోనెట్‌లో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్య ఉండేది. ఒక తీగ మీద 254 సంఖ్యల వరకు అవకాశం. చివరిదైన 254ను సర్వర్‌కు కేటాయించడం వాడుక. సమాచారం సెకనుకు లక్ష నుండి రెండు లక్షల బిట్ల వేగంతో నడిచేది. నేటి బడిలో వాడే గిగాబిట్ తీగ వేగం దానికి కొన్నివేల రెట్లు. వేగం పెరిగినది గాని సూత్రం మారలేదు. నాడు డిస్కు ఖరీదైనది గనుక పదిమంది పంచుకున్నారు. నేడు డిస్కు చౌక. అయినా పంచుకోవడానికి వేరే కారణాలు వచ్చినవి.

ఈ కథలో ఒక ముచ్చటైన మలుపు ఉన్నది. బడి కంప్యూటర్ చేసిన ఏకార్న్ సంస్థ తన తరువాతి యంత్రాలకోసం సొంతంగా ఒక ప్రాసెసర్‌ను రూపొందించుకున్నది. సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ రూపకల్పన చేసిన ఆ ‘ఆర్మ్’ చిప్ 1985 ఏప్రిల్ 26న మొదటిసారి పనిచేసింది. దాని సంతతే నేటి మొబైల్ ఫోన్లలో అత్యధిక భాగాన్ని నడిపిస్తున్నది. 2012 ఫిబ్రవరి 29న అదే కేంబ్రిడ్జి నుండి రాస్ప్‌బెరీ పై అనే అరచేతి కంప్యూటర్ వెలువడింది. అదీ ఆర్మ్ చిప్‌తో పనిచేసేదే. అదీ బడిపిల్లల కోసం సంకల్పించినదే. బి.బి.సి. మైక్రో స్మృతిగా దాని నమూనాలకు ‘ఎ’, ‘బి’ అని పేర్లు పెట్టారు. అటువంటి యంత్రం ఒక్కటి నేడు తరగతి గదికంతటికీ సర్వర్‌గా పనిచేయగలదు.

ఇంటర్నెట్ ఉండగా ఇదెందుకు?

సహజమైన ప్రశ్నే. పెద్ద కంపెనీలు ఉచితంగా చోటు ఇస్తుండగా బడి తన మూలన ఒక పెట్టెను పెట్టుకొని దాని ఆలనాపాలనా చూడవలసిన అగత్యమేమి?

మొదటి సమాధానం లెక్కలలో ఉన్నది. 2023–24 విద్యాసంవత్సరానికి కేంద్రప్రభుత్వం సేకరించిన వివరాల ప్రకారం దేశంలోని పాఠశాలలలో 57.2 శాతానికి కంప్యూటర్ సౌకర్యం, 53.9 శాతానికి ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి. ఇంటర్నెట్ ఉన్న బడిలో కూడా ఒకే సన్నని కనెక్షన్ మీద ముప్పైమంది ఒకే పాఠాన్ని చూడబోతే ఎవరికీ ఏదీ కనిపించదు. అదే పాఠం గదిలోని సర్వర్‌లో ఉంటే బయటి తీగ తెగినా తరగతి ఆగదు.

రెండవది పిల్లల గోప్యత. 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళు నిండనివారిని పిల్లలుగా పరిగణించి, వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి అవసరమని నిర్దేశించింది. బడి సర్వర్‌లోనూ ఆ బాధ్యత ఉంటుంది. అయితే అభ్యాసానికి వ్రాసిన తప్పుల తడక ప్రోగ్రాములు, వ్యాసాలు ఊరు దాటి పోనవసరం లేదు.

మూడవది భాష. భిలాయి వంటి ఊళ్ళో పెరిగే తెలుగు బిడ్డకు బడిలో తెలుగు పుస్తకం కనిపించడమే అరుదు. కివిక్స్ అనే ఉచిత సాధనంతో వికీపీడియాను ఇంటర్నెట్ లేకుండానే చదువుకునేలా డిస్కులో నిలువచేయవచ్చు. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియాను కూడా, హిందీ, ఇంగ్లీషు సంపుటాల పక్కన, అలా ఒక అరలో అమర్చవచ్చు. పాఠాలు, అభ్యాసాల కోసం కోలిబ్రీ వంటి మరో ఉచిత సాధనం ఉన్నది. ఏ పుస్తకాలు ఉంచాలో నిర్ణయించేది బడి.

నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరవ తరగతి నుండే కోడింగును పరిచయం చేయాలన్నది. ఎక్కడో ఉన్న యంత్రం పంపే బొమ్మలను చూసిన పిల్లవాడికి కంప్యూటర్ ఒక కిటికీ. తన చేతితో తీగ అల్లి, చిరునామా ఇచ్చి, తోటివారికి వడ్డించే యంత్రాన్ని నిలబెట్టినవాడికి అది ఒక పనిముట్టు.

ఏర్పాటు క్రమం

సర్వర్‌కు కొత్త యంత్రమే కానక్కరలేదు. కార్యాలయంలో మూలపడిన డెస్క్‌టాప్ అయినా సరిపోవచ్చు. రాస్ప్‌బెరీ పై వంటిదైతే విద్యుత్తు చాలా తక్కువ తీసుకుంటుంది. అయితే దానిలోని చిన్న మెమరీ కార్డు మీద నిత్యం వ్రాస్తూ తుడుస్తూ ఉంటే అది త్వరగా అరిగిపోతుంది. పిల్లల పనిని విడిగా ఒక ఎస్.ఎస్.డి. డిస్కు మీద నిలువచేయడం మేలు.

యంత్రానికి చోటు ఎంపిక తేలికగా తీసుకోరాదు. భిలాయి ప్రాంతంలో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. కిటికీలు మూసిన గదిలో, బీరువా లోపల పెట్టిన సర్వర్ ఉడికిపోతుంది. గాలి ఆడే చోట, నేలకు ఎత్తుగా, దుమ్ము పడకుండా ఉంచాలి. వానాకాలపు పిడుగులు మరో ప్రమాదం. ఒక భవనం నుండి మరో భవనానికి ఆరుబయట లాగిన రాగితీగ సమీపంలో పడిన పిడుగు తాకిడిని లోపలికి మోసుకొని రాగలదు. భవనాలను కలపవలసివస్తే గాజుతీగ, అనగా ఫైబర్, శ్రేయస్కరం.

విద్యుత్తు హఠాత్తుగా పోతే డిస్కుమీద సగం వ్రాసిన సమాచారం చెడిపోయే అవకాశం ఉన్నది. గంటలకొద్దీ నడిపే బ్యాటరీ అవసరం లేదు. యంత్రం తన పనిని ముగించుకొని క్రమంగా ఆగేందుకు కొద్ది నిమిషాల వ్యవధి ఇచ్చే యు.పి.ఎస్. చాలు.

తరువాత తీగలు. నెట్‌వర్క్ తీగలో ఎనిమిది సన్నని తీగలు, నాలుగు జతలుగా పెనవేసి ఉంటాయి. ఈ మెలిక అలంకారం కాదు. బయటి విద్యుత్ అలజడి జతలోని రెండు తీగలనూ సమానంగా తాకుతుంది. స్వీకరించే యంత్రం ఆ రెంటి తేడాను మాత్రమే చదువుతుంది గనుక అలజడి దానంతట అదే కొట్టుకుపోతుంది. రంగుల వరుస రెండు చివరలా ఒకేలా ఉంటే చాలునని కొందరు భ్రమపడతారు. జతలు చీలిపోతే చవక పరీక్షాయంత్రం అంతా సవ్యమేనని చూపుతుంది. నెట్‌వర్క్ మాత్రం మొరాయిస్తుంది. ప్రామాణికమైన వరుస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఒక తీగ పొడవు 100 మీటర్లు మించరాదు. తీగలన్నీ వచ్చి ‘స్విచ్’ అనే పెట్టెలో కలుస్తాయి.

వీధిలో ఇళ్ళకు నంబర్లవలె యంత్రాలకు చిరునామాలు ఉండాలి. 192.168తో ఆరంభమయ్యే చిరునామాలను సొంత ఆవరణలో ఎవరైనా వాడుకోవచ్చు. సర్వర్‌కు 192.168.10.2 వంటి స్థిరమైన చిరునామా ఇస్తారు. మిగిలిన యంత్రాలు ప్రతి ఉదయం చిరునామాలను పంచే యంత్రం నుండి తమకొకటి అడిగి పుచ్చుకుంటాయి. ఇక్కడ కొత్తవారు తరచు పడే గొయ్యి ఒకటి ఉన్నది. ఇంటర్నెట్ రూటర్ కూడా చిరునామాలు పంచుతుంది. సర్వర్ కూడా పంచబోతుంది. ఇద్దరు కరణాలు ఒకే ఊరికి వేరువేరుగా పట్టాలు వ్రాసినట్లవుతుంది. పంచే అధికారం ఒక్కదానికే ఉండాలి.

ఆపైన మనుషుల లెక్క. ‘విద్యార్థి’ అని అందరికీ ఒకే పేరు, ఒకే సంకేతపదం ఇవ్వడం సులువే గాని, ఒకరి పనిని మరొకరు చెరిపినప్పుడు బాధ్యత ఎవరిదో తేలదు. ప్రతి బిడ్డకూ సొంత ఖాతా ఉండాలి. 1969లో పుట్టిన యూనిక్స్ నుండి లినక్స్‌కు సంక్రమించిన ఒక నియమం ఇందుకు తోడ్పడుతుంది. ప్రతి ఫైలుకూ యజమాని, బృందం, ఇతరులు అని మూడు వర్గాలు. ఒక్కొక్క వర్గానికి చదవడం, వ్రాయడం, నడపడం అని మూడు అనుమతులు. విద్యార్థి సొంత అర అతనికే తెరుచుకుంటుంది. పాఠాల అరను అందరూ చదువగలరు; ఉపాధ్యాయుడే వ్రాయగలడు. ఇంటిపని అరలో వేయవచ్చు గాని పక్కవాడిది తీసి చూడరాదు. పదమూడేళ్ళ పిల్లలకు సొంత ఆస్తి, ఉమ్మడి ఆస్తి అన్న భేదాన్ని ఇంతకంటె చక్కగా బోధించే పాఠం దొరకడం అరుదు.

గడియారం సంగతి మరువరాదు. చిన్న కంప్యూటర్లలో అనేకం సమయాన్ని ఇంటర్నెట్ నుండి తెలుసుకుంటాయి. అది లేనిచోట, విద్యుత్తు పోయి వచ్చినప్పుడల్లా వాటికి తేదీ తప్పుతుంది. నేటి పని నిన్నటిదిగా నమోదవుతుంది. కొద్దిపాటి వెలకు దొరికే బ్యాటరీ గడియారం ఈ లోపాన్ని తీరుస్తుంది.

చివరిది ప్రతిభద్రత, అనగా బ్యాకప్. రెండు డిస్కులమీద ఒకేసారి వ్రాయించి నిశ్చింతగా ఉండేవారున్నారు. పొరపాటున చెరిపిన పాఠం రెండింటినుండీ అదే క్షణంలో మాయమవుతుందని వారు గ్రహించరు. ప్రతి వారం వేరే డిస్కుకు ప్రతి తీసి, దానిని మరో గదిలో తాళం వేసి ఉంచాలి. నెలకొకసారి అందులోనుండి ఒక ఫైలును తిరిగి రాబట్టి చూడాలి. రాబట్టి చూడని ప్రతి ఉన్నా లేనట్లే.

నార్వే, కేరళ చూపిన దారి

ఇది ఊహాలోకపు ముచ్చట కాదు. 2001 వేసవిలో నార్వేలో కొందరు ఔత్సాహికులు ‘స్కూలెలినక్స్’ అనే ఉద్యమాన్ని ఆరంభించారు. ధనిక దేశమైనా అక్కడి పిల్లలకు సొంత భాషలో సాఫ్ట్‌వేర్ కరువుగా ఉండేది. వారు బడికొక ప్రధాన సర్వర్‌ను నిలిపి, పాత యంత్రాలను దానికి తగిలించి, భారమైన పనినంతా సర్వర్ చేత చేయించే ఏర్పాటును రూపొందించారు. పారవేయవలసిన కంప్యూటర్లకు మరికొన్నేళ్ళ ఆయుష్షు లభించింది. ఆ కృషి నేడు డెబియన్ ఎడ్యు పేరిట ప్రపంచమంతటికీ ఉచితంగా అందుబాటులో ఉన్నది.

మన దేశంలో కేరళ ప్రభుత్వం అదే 2001లో ‘ఐ.టి. ఎట్ స్కూల్’ పథకాన్ని చేపట్టింది. తరువాత పాఠశాలలను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్ళించి, బయటి గుత్తేదారుపై ఆధారపడకుండా ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చింది. 2017లో ఆ పథకం ‘కైట్’ అనే సంస్థగా రూపాంతరం చెందింది. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరిట ఉన్నత పాఠశాలలలో విద్యార్థి బృందాలు ఏర్పడినవి. యంత్రాల మరమ్మతు, మలయాళంలో కంప్యూటర్ వాడకం, ఇంటర్నెట్ భద్రత వంటివి ఆ పిల్లలు నేర్చుకుంటారు. తెలుగునాట హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో పనిచేసే లినక్స్‌ను రూపొందించి ఈ దారిలో ఒక అడుగు వేసింది.

ఈ ఉదాహరణలలో విజయరహస్యం యంత్రం కాదు. పాడైనప్పుడు విప్పి చూసే ధైర్యం ఉన్న మనుషులను ముందుగా తయారుచేయడమే.

షిఫ్టు మారినప్పుడు

బడి సర్వర్‌కు పిడుగుకంటె పెద్ద ఆపద మరొకటి ఉన్నది. అది బదిలీ ఉత్తర్వు. ఉత్సాహవంతుడైన ఒక ఉపాధ్యాయుడు ఎంతో శ్రమించి అంతా అమరుస్తాడు. ఆయన వేరే ఊరు వెళ్ళిన ఆరు నెలలకు ప్రధాన సంకేతపదం ఎవరికీ తెలియదు. ఏ తీగ ఎటు పోతుందో చెప్పేవారు ఉండరు. సర్వర్ మీద గుడ్డ కప్పుతారు. 1980లలో అయినా, నేడైనా, బడి కంప్యూటర్ పథకాలు నీరసించే తీరు ఇదే.

దీనికి మందు ఉక్కు కర్మాగారంలోనే ఉన్నది. కొలిమి రాత్రింబవళ్ళు మండుతూనే ఉండాలి. మనుషులు మాత్రం మూడు షిఫ్టులుగా మారుతూ ఉంటారు. దిగిపోయే షిఫ్టువారు ఏమి జరిగినదీ, ఏది అనుమానంగా ఉన్నదీ లాగ్‌బుక్‌లో వ్రాసి, వచ్చేవారికి అప్పగించి గాని ఇంటికి పోరు. కొలిమి ఎవరి ఒక్కరి జ్ఞాపకం మీదా ఆధారపడదు.

బడి సర్వర్ పక్కన కూడా గట్టి అట్టవేసిన ఒక నోటుపుస్తకం ఉండాలి. ఏ యంత్రానికి ఏ చిరునామా, ఏ తీగ ఏ గదికి, ఏ తేదీన ప్రతి తీశారు, ఏ లోపం ఎలా సరిచేశారు అన్నవి అందులో సిరాతో వ్రాయాలి. ప్రధాన సంకేతపదాన్ని సీలువేసిన కవరులో ప్రధానోపాధ్యాయుని వద్ద భద్రపరచాలి. తొమ్మిదవ తరగతివారు ఎనిమిదవ తరగతివారికి ప్రతి సంవత్సరం ఈ పని అప్పగించాలి. అప్పగింత రోజున సర్వర్‌ను ఆపివేసి, పుస్తకాన్ని మాత్రమే ఆధారం చేసుకొని, చిన్నవారి చేతనే తిరిగి నడిపించి చూడాలి. వారు ఎక్కడ ఆగిపోతారో పుస్తకంలో అక్కడ ఒక పంక్తి తక్కువయిందన్నమాట. ఆ పంక్తిని అప్పుడే వ్రాయించాలి.